వీపు మాత్రమే

మంచి పని చెయ్యబోతే ముందు మన కొంపే మునుగుతుందని ఉమామహేష్‌కి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదు, అది వేరే సంగతి.

పొద్దున జాలర్ల పేటలో పెద్దవల లాగడం, మధ్యాహ్నం నుంచి వన్ టౌన్‌లో ఉల్లిపాయల గోడౌన్ మీదున్న రెండు గదుల ఆఫీసులో జీతం లేని సేవ. ఇదీ వాడి బతుకు. ఎయిడ్స్ గురించి చెప్పే సంస్థ అది. మగవాళ్ళను ఇష్టపడే మగవాళ్ళు భయం లేకుండా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకునే చోటు వాడికి తెలిసి ఊళ్ళో అదొక్కటే. స్టీలు ప్లాంటు ఉద్యోగులు, ఆటోనగర్ వెల్డర్లు, పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు, అందరూ అటూ ఇటూ చూసుకుంటూ మెట్లెక్కేవారు. ఉమామహేష్ వాళ్ళకి టీ పోసేవాడు, ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి తోడు వెళ్ళేవాడు, అక్కడ ఎవరైనా ముఖం చిట్లిస్తే గొడవేసుకునేవాడు.

అర్జునరావుని అక్కడికి తీసుకొచ్చిందీ వాడే. ఇద్దరిదీ ఒకే పేట, ఒకే వల. మూడేళ్ళుగా ఒకరంటే ఒకరికి ప్రాణం. పేట దృష్టిలో మాత్రం బావా బావా అనుకునే స్నేహితులు, అంతే.

2003 డిసెంబరులో ఎయిడ్స్ దినం వచ్చింది. ఆఫీసు పెద్ద గురునాథరావు ఫొటో తియ్యడానికి పేపరువాళ్ళని పిలిచాడు.

"ముఖాలు పడవయ్యా, వీపు మాత్రమే. నలుగురైనా నిలబడకపోతే మనం పని చేస్తున్నామని ఎవరు నమ్ముతారు?"

అర్జునరావు గోడకి అతుక్కుపోయాడు. "నాను రాను బావా. ఎవులైనా పోలిత్తే?"

"ఈపు సూసి ఎవుడు పోలుత్తాడ్రా? నానున్నాను గదా నీకు?" అన్నాడు ఉమామహేష్, వాడి చెయ్యి పట్టుకుని లాగుతూ.

ఆ పూట వీడి బుర్ర ఏ గడ్డి మేస్తోందో! పెద్దవల అంటే ఏమిటి? వలని సముద్రంలో దింపి, దాని తాళ్ళు ఒడ్డున పట్టుకుని, సముద్రం వైపు తిరిగి ఒకడి వెనక ఒకడు నిలబడి లాగడం. తెల్లారింది మొదలు ప్రతివాడికీ కనిపించేది ముందువాడి వీపే. ఎవడి భుజం ఎటు వాలుతుందో, ఎవడి మెడ ఎంత పొట్టో పేటంతా కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇంకెవరైనా ఆ ఫొటోలో దాక్కోవచ్చు గానీ, ఈ ఇద్దరూ దాక్కోలేరు.

మర్నాడు టీ కొట్టులో పేపరు తెరిచారు. 'స్వలింగ సంపర్కుల్లో అవగాహన' అని పైన లావుపాటి అక్షరాలు. గ్లాసులో టీ చల్లారకముందే రెండు పేర్లూ బయటికొచ్చేశాయి.

సాయంత్రం పడవల దగ్గర పెద్దలు కూర్చున్నారు. ముందు అర్జునరావుని అడిగారు.

"నాకేటీ తెల్దు. మందులిత్తారని సెప్పి ఉమామహేసు తీసుకెల్నాడు. ఆల్లు ఎలాటోల్లో నాకు తెల్దు," అన్నాడు వాడు ఏడుస్తూ.

కులపెద్ద ఉమామహేష్ వైపు తిరిగాడు. "నిజమేనేటిరా?"

అవునంటే తన కూడు పోతుంది, కాదంటే అర్జునరావు కూడు పోతుంది. ఉమామహేష్‌కి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళ ప్రేమని ఎంత చల్లగా దులిపేసుకున్నాడు! అయినా వాడి ఏడుపు చూడలేకపోయాడు. రానంటే లాక్కెళ్ళి నిలబెట్టింది తనే కదా.

"నిజమే. ఆడి తప్పేటీ నేదు. నానే అబద్దమాడినాను."

ఉమామహేష్ ఇక వల ముట్టుకోకూడదన్నారు. చచ్చిపోయిన తండ్రి పేర వల మీద ఉన్న వాటాని మాత్రం తల్లి పోతమ్మ తీసుకోవచ్చన్నారు. అంత దయ చూపించారు, మహానుభావులు.

ఆఫీసులో గురునాథరావు భుజం తట్టి, "ఫొటో బ్రహ్మాండంగా వచ్చిందయ్యా," అన్నాడు. ఉమామహేష్‌కి వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ టీ పోశాడు. ఆ గదులు తప్ప ఇంకెక్కడికి పోతాడు? అర్జునరావు రాలేదు. భయం తగ్గాక వస్తాడులే అనుకుంటూ రోజూ మెట్ల వైపు చూసేవాడు.

సంక్రాంతి వెళ్ళాక అర్జునరావుకి చేపలు వాటాలు వేసే పని ఇచ్చారు. ఆ వారంలోనే ఒక పొద్దున పోతమ్మ ఖాళీ తట్టతో తిరిగొచ్చింది.

"ఏటయిందే అమ్మా?"

"వాటా నేదన్నాడు అర్జునరావు. అందరి ముందరా. ఇలాటోన్ని కన్నదాని సెయ్యి తగిల్తే వలలో సేప పడదన్నాడు."

ఉమామహేష్ తల అడ్డంగా ఊపాడు. "పెద్దోల్లు అలాగ అనమనుంటార్లేవే. ఆడేటి సేత్తాడు, బయపడిపోతన్నాడు."

పోతమ్మ తట్టని గోడకి చేరేసి కొడుకు వైపు చూసింది.

"పెద్దాయన పక్కనే ఉన్నాడ్రా. పాపం ముసల్ది, ఇచ్చీరా అన్నాడు. ఈడే ఇయ్యనేదు."