మిషన్ బావి చేంతాడు

విమోచన అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎనభై నాలుగులో, శింగనమల చెరువు ఎండి నెర్రెలిచ్చిన ఏడు, మా మాదిగవాడ చర్చికి కోస్తా నుంచి కొత్త అయ్యగారు వచ్చారు. బెంగళూరులో చదివారట. ఆదివారం వస్తే చాలు, విమోచన అంటూ మోషేను ఐగుప్తు బానిసత్వం నుంచి బయల్దేరదీసేవారు. మధ్యాహ్నమైనా సముద్రం దాటించేవారు కాదు. దేవుడు బీదల పక్షమట. ఎక్కడో లాటిన్ అమెరికాలో పల్లెజనం బైబిలు చదివి లేచి నిలబడ్డారట. ఇక్కడ మేం ఖాళీ బిందెల ముందు నిలబడలేక చస్తుంటే!

మా వాడ బావి ఇంకిపోయింది. రెడ్ల బావి గట్టు మేమెక్కరాదు. కింద బిందె పెట్టుకుని నిలబడితే జీతగాడు పైనుంచి పోయాలి. ఇక మిగిలింది చర్చి ఆవరణలోని మిషన్ బావి. అక్కడా అదే కథ. అయ్యగారి వంటమనిషి సుశీలమ్మ రెడ్లలోంచి వచ్చి బాప్తిస్మం తీసుకున్న మనిషి. చేంతాడు మమ్మల్ని ముట్టనివ్వదు. ఆమె వంట ముగించి, తల దువ్వుకుని, వచ్చి పోసేదాకా మేం ఎండలో కాచుకోవాలి. అయ్యగారి కిటికీ ఎదురుగానే ఈ బాగోతమంతా. ఆయనకు ఐగుప్తు కనపడేది గానీ ఇది కనపడేది కాదు.

ఆరోజు ఇంట్లో చుక్క నీళ్లు లేవు. కోడలు రత్నమ్మ పచ్చి బాలింత. పొద్దు నడినెత్తికొచ్చినా సుశీలమ్మ రాలేదు. నాకు ఓపిక నశించింది. గట్టెక్కి చేంతాడు పట్టుకున్నాను.

సుశీలమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "దిగు తిప్పమ్మా! నువ్వు ముట్టిన నీళ్లతో నేను వంట చెయ్యను. మా ఇంటికి పోతా!"

అరుపులకు అయ్యగారు బయటికొచ్చారు. సంగతి విని ఆయన ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్లూ ఇలా జరుగుతోందా? క్షమించండమ్మా" అంటూ చొక్కా చేతులు మడిచి, తాడు నా చేతిలోంచి తీసుకుని, బొక్కెన తోడారు. "బిందె పెట్టు తిప్పమ్మా, నేనే పోస్తాను. రేపట్నుంచి రోజూ నేనే పోస్తాను." కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి, పాపం.

నేను తల కొట్టుకున్నాను.

"పోసేవాళ్లకు మాకేం కరువప్పా? రెడ్ల బాయికాడ జీతగాడు పోస్తాడు, ఈడ సుశీలమ్మ పోస్తాది, ఇంగ నువ్వు పోస్తావా? మాకు కావాల్సింది తాడు. ఇట్లియ్యి!"

ఆయన సుశీలమ్మ వైపు చూశారు. "సంఘపెద్దలతో ఒకసారి మాట్లాడి..." అని నసిగారు.

"నా కోడలు బాలింతప్పా! పెద్దలొచ్చేదాకా గొంతెండబెట్టుకుని ఉండల్నా?"

ఆయన తాడు నా చేతికిచ్చారు. సుశీలమ్మ గరిటె విసిరికొట్టి వెళ్లిపోయింది. నేను తోడుకున్నాను. నా వెనక ఆడవాళ్లంతా ఒక్కొక్కరే గట్టెక్కారు. అయ్యగారు వంటింటి వైపు చూస్తూ నిలబడిపోయారు.

"రా అయ్యగారూ, మా ఇంట్లో సంగటుండాది" అన్నాను.

ఆయన వచ్చి ఏడాదయింది. మా ఇళ్లలో ప్రార్థన చేశారు, పాడారు, ఏడ్చారు. మెతుకు మాత్రం ముట్టలేదు. ఇప్పుడు కూడా ఏదో చెప్పబోయి నోరు తెరిచారు.

"ప్రసంగం తర్వాత చేద్దువు గానీ, ముందు ఆ బిందె ఎత్తుకో."

ఎత్తుకున్నారు. దారి పొడుగునా సగం నీళ్లు ఒలకబోశారు, అంత చదువుకున్న మనిషి! నేను తిట్టుకుంటూ వెనకే నడిచాను. కానీ మా గడపలో కూర్చుని, రత్నమ్మ తట్టలో పెట్టిన సంగటి మాత్రం ఒక్క మెతుకు మిగల్చలేదు.