నలభై నిమిషాలు

తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మె ముగిసి రెండేళ్లయినా సాయిలు కోపం చల్లారలేదు. ఆ సమ్మె నడుస్తుండగా భార్య సత్యవ్వ పత్తి పురుగుల మందు తాగిన రోజున, ఆటో బక్కయ్య ఆమెను కోరుట్ల నుంచి నేరుగా జగిత్యాల దవాఖానకు తీసుకుపోకుండా పొలాల దారిన చుట్టు తిప్పి చంపాడని ఊరంతా చెప్పుకు తిరిగాడు. బక్కయ్య ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

మళ్లీ బంద్ అని యూనివర్సిటీ మూసేస్తే కూతురు రజని హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చింది. తనతో పరిశోధన డబ్బా ఒకటి తెచ్చింది. అందులో చిన్న చిన్న పళ్లేలు, వాటి నిండా నూలుపోగు ముక్కల్లాంటి పురుగులు. కరెంటు లేదు, పురుగులు వేడికి చావకుండా చల్లగా ఉంచాలి. సత్యవ్వకు సిరిసిల్ల పుట్టింటివాళ్లు పెట్టిన తువాలను తడిపి డబ్బాకు చుట్టింది.

"పురుగుల మందు తాగి మీ అవ్వ సచ్చె. నువ్వేమో పురుగులను సాకవడితివి," అన్నాడు సాయిలు.

"ఇటు సూడు బాపూ," అంటూ రజని భూతద్దం ఇచ్చింది. ఒక పళ్లెంలో పురుగులు మెల్లగా ఈడ్చుకుంటున్నాయి. రెండోదాంట్లో నిలకడ లేకుండా ఉరుకుతున్నాయి.

"నరాలల్ల జీ ప్రోటీన్లని ఉంటయి. బయటి కబురు లోపటికి అందిస్తయి. ఒకటి 'కానియ్' అంటది, ఇంకోటి 'ఇగ సాలు' అంటది. గీ మెల్లగున్నయి పుట్టుకతోటే 'కానియ్' చెడిపోయినయి. గవి 'సాలు' అనేది లేక ఉరుకుతున్నయి."

"మందు పెడితే?"

"ఉరికేటియి ముందుగాల బిగుసుకపోతయి. మెల్లగుండేటియి శానసేపు తట్టుకుంటయి. తీగెతోని ముట్టిచ్చి, కదలనియి ఎన్నో గడియారం సూస్కుంట రాస్త. అవ్వ తాగింది గసొంటి మందే."

సాయిలు అద్దం దించలేదు. "మరి మీ అవ్వ ఏ తీరుది?"

"మనుషులకు గట్ల చెప్పరాదు బాపూ."

"పురుగులకు చెప్తివి గదనే! నలభై నిమిషాలు ముందు సూది పడితే బతుకునా? ఒక్క మాట చెప్పు."

సత్యవ్వ మందు తాగిన ఆ రోజు కోరుట్ల రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి సమ్మెవాళ్లు వంటావార్పు చేస్తున్నారు. పొయ్యి దగ్గర గరిటె సాయిలుదే. ఆటో హారన్ కొడుతూ వచ్చింది. దారి వదలాలని, పేషంటు ఉందని పొద్దటి నుంచి ప్రతి డ్రైవరూ చెబుతున్నాడు. బక్కయ్య ఏదో అరిచాడు. డప్పుల మోతలో వినబడలేదు, వినాలనీ సాయిలు అనుకోలేదు. పరదా ఎత్తి చూడలేదు. గరిటెతో ఆటో అద్దం మీద కొట్టి వెనక్కి తిప్పించాడు. పొలాల దారిన పోతే నలభై నిమిషాలు ఎక్కువ.

నలభై ఎక్కడిదని రజని అడగలేదు.

"బక్కయ్య మామ నాకెప్పుడో చెప్పిండు. నీ నోటితోని చెప్తవని రెండేండ్ల సంది సూస్తున్న."

సాయిలు భూతద్దం పళ్లెం పక్కన పెట్టాడు.

"ఆ డప్పులల్ల వాడు ఇంకింత గట్టిగ ఒర్రకపాయె," అన్నాడు.

రజని తువాల మళ్లీ తడిపి చుట్టింది. డబ్బా, తన బట్టల సంచి ఎత్తుకుని, బక్కయ్య ఇంటివైపు నడిచింది.