ఇంకోసారి చెప్పు

రంగస్థల పరిచయం అన్న కోర్సును ఆ అమ్మాయి కోరి తీసుకోలేదు. కాలేజీ మొదటి ఏడాదిలో ఏదో ఒక కళ చదివి తీరాలన్నారు. సంగీతం క్లాసు అప్పటికే నిండిపోయింది. కంగారుపడితే ఆమెకు గొంతు పెగలదు. అందుకని తోటివాళ్లు పిచ్చుక అని పేరు పెట్టారు. వెనక బెంచీలో కూర్చుని, నోట్సు రాసుకుని గట్టెక్కుదామనుకుంది.

మాస్టారికి నోట్సు గిట్టదు. "సినిమా రేపు చూసినా అలాగే ఉంటుంది. నాటకం అలా కాదు. మనిషి వచ్చి మనుషుల ముందు నిలబడాలి. ఇప్పుడే, ఇక్కడే!" అనేవాడు. మూడో వారం ఒక్కొక్కరినీ వేదిక ఎక్కించి, ఎవరికీ చెప్పని నిజం ఒకటి చెప్పమన్నాడు.

చాలామంది గడుసుగా తప్పించుకున్నారు. ఒకడు పరీక్షలో కాపీ కొట్టానన్నాడు. ఒకతె అక్క చెప్పులు దాచానంది. పిచ్చుకకు ఆ గడుసుదనం చేతకాలేదు.

"నాకు పద్నాలుగేళ్లప్పుడు అమ్మ వంటింట్లో పడిపోయింది," అంది. "అమ్మ ఫోన్ తీసుకుని నాన్నకి చేశాను. నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. ఫోన్ ఎత్తాడు. వెనక క్యారమ్స్ ఆడుతున్న చప్పుడు. నాకు మాట రాలేదు. అమ్మే అనుకుని, 'ఇప్పుడు కాదే' అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఫోన్ కట్టేసి ఉంది. అమ్మ బతకలేదు. ఆ రోజు లిఫ్టు గుంతలో పనిలో ఉన్నానని, సిగ్నల్ లేదని అందరికీ చెప్పాడు. నాకు తెలుసని ఆయనకి తెలీదు."

చివరి మాట దగ్గర బావురుమంది. మాస్టారు క్లాసు వైపు తిరిగాడు.

"నిజమా, నటనా? నిజమనేవాళ్లు చేతులెత్తండి."

ముప్పైమందిలో తొమ్మిది చేతులు లేచాయి.

"ఇంకోసారి చెప్పమ్మా. అదే మాట దగ్గర ఏడవాలి."

చెప్పింది. కన్నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. మూడోసారి చెప్పించాడు. ఈసారి కళ్లు పొడిగా ఉన్నాయి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"చూశారా? ఏడుపు ఎవరైనా ఏడుస్తారు. నూరోసారి కూడా ఎదుటివాణ్ణి ఏడిపించేదే కళ," అన్నాడు మాస్టారు. "కథ బాగుంది. గొంతే లేదు." ఏడాది చివరి ప్రదర్శనకు ఆ కథను, ఖంగుమనే గొంతుందని అందరూ గంట అని పిలిచే అమ్మాయికి ఇచ్చేశాడు.

పిచ్చుక స్టాఫ్ రూముకు వెళ్లి బతిమాలింది. "వద్దు సార్. మా నాన్నకి తెలుస్తుంది."

"నువ్వు అందరి ముందూ చెప్పేశావు కదమ్మా. ఇక అది నీదొక్కదానిదే ఎలా అవుతుంది?" అని అతను టీ కప్పు అందుకున్నాడు.

ఆమె ఇంట్లో చెప్పలేదు. కాలేజీవాళ్లే తల్లిదండ్రులందరికీ ఆహ్వానాలు పంపారు. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

గంట అద్భుతంగా చెప్పింది. 'ఇప్పుడు కాదే' అన్న మాటను మగ గొంతుతో పలికేసరికి హాలంతా ముక్కులు చీదింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. తండ్రి కూడా లేచి కొట్టాడు.

ఇద్దరూ బస్ స్టాప్ దాకా నడిచారు. అక్కడ ఆగి తండ్రి అడిగాడు.

"ఆ ఫోన్ చేసింది నువ్వా?"

"నేనే నాన్నా."

"మీ అమ్మనుకున్నాను. కూరలు తెమ్మనడానికేమో అనుకున్నాను." ఆయన పెదవులు వణికాయి. కాసేపటికి ఆ వణుకు ఆగింది. ముఖం తేటపడింది. "ఒక్క ముక్క అనుంటే పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదే! నోట్లో నాలుక లేదా నీకు?"

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు.

"నువ్వే చంపుకున్నావ్ మీ అమ్మని," అన్నాడు తండ్రి, కోపం కూడా లేకుండా.

బస్సొచ్చింది. ఆయన ముందు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, పిచ్చుక మేనత్తకు ఫోన్ చేశాడు. నాలుగేళ్లుగా తనను తినేస్తున్న సంగతి ఇవాళ తేలిపోయిందని, తప్పు ఎవరిదో తెలిసిందని మొదలుపెట్టి వివరంగా చెప్పసాగాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది. పిచ్చుక కడ్డీ పట్టుకుని నిలబడే వింది.