ఓవర్ అనకూడని మైదానం

కాల్కాట్‌లో క్రికెట్ ఆడేటప్పుడు అంపైరు ఓవర్ అనడు. ఆరు బంతులూ పడ్డాక "చాలు" అంటాడు. ఫీల్డర్లు అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ మారతారు. బయటినుంచి వచ్చిన జట్లు మొదట నవ్వుకుంటాయి, టీ వేళకల్లా అలవాటు పడిపోతాయి. దీనికంతటికీ కారణం నదికి ఇవతల ఉన్న పబ్బు.

పబ్బు పేరు బోట్. సెవర్న్ నది ఒడ్డున దాన్ని ఎప్పుడు కట్టారో ఎవరికీ తెలియదు. గుమ్మం మీద ఏదో సంవత్సరం చెక్కి ఉంది గాని, అది పాతకాలపు యజమాని ఎవరో గొప్ప కోసం చెక్కించుకున్నదని ఊరంతా ఎరుగును. సరుకు పడవలు నడిచిన రోజుల్లో వాటిని ఒడ్డు వెంట తాళ్ళతో లాగే మనుషులు అక్కడ ఆగేవారు. గొంతు తడుపుకుని, చిన్న మాటకి కొట్టుకుని, మళ్ళీ తాడు భుజాన వేసుకుని పోయేవారు. రైలు వచ్చింది, పడవలు పోయాయి. వరదలు మాత్రం పోలేదు. ఒక వరదకి పబ్బులోని పియానో కింది ఊరిదాకా తేలుకుంటూ పోయింది. ఆ ఊరివాళ్ళు దాన్ని ఇప్పటికీ తిరిగివ్వలేదు, పైగా బాగా పలుకుతోందని చెప్పుకుంటారు.

పబ్బున్న ఇల్లు దాన్ని నడిపే బెడో కుటుంబానిదే అనుకుంటారు గాని, నిజానికి చుట్టుపక్కల భూములన్నిటికీ యజమాని అయిన ఎస్టేట్‌ది. తరతరాలుగా వాళ్ళకి అది ఒక్క షరతు మీద దక్కింది. అవతలి రేవులో ఎవరైనా నిలబడి "ఓవర్!" అని కేక వేస్తే ఇంట్లోంచి పడవ వెళ్ళాలి. అవతలికి దాటించమని అడగడానికి ఆ నది పొడుగునా అదే మాట. మూడో కేక లోపల పడవ ఒడ్డు వదలకపోతే ఇల్లు ఎస్టేట్‌కి తిరిగిపోతుంది.

అవతలి పచ్చికలో మొట్టమొదట క్రికెట్ ఆడిన రోజున ఎలైజా బెడో అనే పెద్దాయన, పాపం, ప్రతి ఓవర్‌కీ పడవ వేసుకుని వెళ్ళాడట. ఒడ్డున ఎవరూ ఉండరు, తిట్టుకుంటూ వెనక్కి వస్తాడు, రాగానే మళ్ళీ కేక. సాయంత్రానికి తెడ్డు పట్టుకుని పిచ్ మీదికే వెళ్ళి అంపైరుని వెంటబడి తరిమాడు. ఆ మర్నాటి నుంచి కాల్కాట్‌లో "చాలు" అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు పబ్బు నడుపుతున్నది ఎనిడ్. ఆమెది బర్మింగ్‌హామ్. విల్‌ఫ్రెడ్ బెడోని పెళ్ళాడి వచ్చింది. అతను ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక బీరు పోయడం, పడవ నడపడం రెండూ తనే చూసుకుంటోంది. ఆమెకి వేరే ఇల్లు లేదు, వేరే పనీ రాదు.

విల్‌ఫ్రెడ్ వాళ్ళన్నయ్య సైలస్ రోజూ పొయ్యి పక్క కుర్చీలో కూర్చుంటాడు. కుర్రతనంలో రైల్వేలో చేరాడని తండ్రి అతన్ని కాదని ఇల్లు తమ్ముడికి ఇచ్చాడు. పడవల పొట్ట కొట్టిన రైలుకి కొడుకే పని చేయడం ఆయన తట్టుకోలేకపోయాడు. ఆ కసి సైలస్ ఎనిడ్ మీద తీర్చుకుంటాడు.

"మా నాన్న ఇల్లు ఇది. ఎక్కణ్ణుంచో వచ్చినావిడ గ్లాసులు కడుగుతోంది" అంటాడు, ఎనిడ్ వింటూ ఉండగానే.

"గ్లాసులు నువ్వు కడుగుతావా సైలస్? రా, తువ్వాలిస్తాను" అంటుంది ఎనిడ్.

ఆ జూన్‌లో ఎస్టేట్‌కి కొత్త ఏజెంటు వచ్చాడు, పేరు క్రంప్. బోట్‌ని యజమానుల చేపల వేట విడిదిగా మార్చాలని అతని ఆలోచన. డబ్బిస్తానన్నాడు, ఎనిడ్ వద్దంది. నవ్వి వెళ్ళిపోయాడు. తర్వాతి శనివారం పట్నం నుంచి ఒక జట్టునీ, వాళ్ళతోపాటు ఒక అంపైరునీ దింపాడు. అంపైరు స్కూలు మాస్టరు. ఆరు బంతులవగానే కంచుగొంతుతో "ఓవర్!" అన్నాడు.

మధ్యాహ్నం పబ్బు మూసే వేళ. ఎనిడ్ కాళ్ళు చాపుకుందామనుకుంటూనే పడవ తీసింది. అవతల ఎవరూ లేరు. పచ్చికలోకి నడిచి అంపైరుని బతిమాలింది.

"అయ్యా, ఇక్కడ 'చాలు' అంటారండీ. మీరలా అరిస్తే నాకు ఎవరు పిలిచారో తెలియదు."

"అమ్మా, క్రికెట్ నియమాల్లో 'చాలు' అనే మాట లేదు" అన్నాడు మాస్టరు, టోపీ సర్దుకుంటూ.

ఎనిడ్‌కి అతని చెంప పగలగొట్టాలనిపించింది. ఏమీ చేయకుండా తిరిగొచ్చింది. మళ్ళీ "ఓవర్!" వినబడింది. మళ్ళీ వెళ్ళింది. అలా మధ్యాహ్నమంతా నది మీదే గడిపింది. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి.

"మతి పోయిందా ఏం? వాడు అంపైరు!" అన్నాడు సైలస్ కిటికీలోంచి.

"వందసార్లు అంపైరే పిలుస్తాడు. ఆ తర్వాత పిలిచేది అంపైరు కాకపోతే?"

సైలస్ కిటికీలోంచి తల లోపలికి లాక్కున్నాడు.

సాయంత్రం తలుపులు తెరవగానే జనం తోసుకొచ్చారు. ఎనిడ్ చేతులకి గుడ్డ పీలికలు చుట్టుకుని బీరు పోస్తోంది. బయటినుంచి "ఓవర్!" అని వినబడింది. ఆమె బీరు పంపు మీద చేయి ఆపింది.

"నీ పని చూసుకో ఎనిడ్, ఆ మాస్టరుగాడే" అన్నాడు రొట్టెల బట్టీ నడిపే హాస్కిన్. "వాడి గొంతు ఎప్పుడు పడిపోతుందో ఏమో."

అందరూ నవ్వారు. ఎనిడ్‌కి ఇంకోసారి తెడ్డు పట్టుకునే ఓపిక లేదు. ఈ ఒక్కసారికి ఊరుకుందామనుకుంది. గ్లాసు నింపింది, నురగ తీసింది. ఇంకో గ్లాసు అందుకుంది.

"ఓవర్!"

 ఆరు బంతులు ఇంత తొందరగా పడవు. గ్లాసు చేతిలోంచి జారి పగిలింది. జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ బయటికి పరిగెత్తింది.

అవతలి రేవులో క్రంప్ నిలబడి ఉన్నాడు. పక్కన సాక్షులు ఇద్దరు. మూడో కేక వేయడానికి రెండు చేతులూ నోటి దగ్గర దొన్నెలా పెట్టుకున్నాడు గాని, కేక రావడం లేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

పడవ అప్పటికే ఒడ్డు వదిలింది. అందులో సైలస్ ఉన్నాడు. తుంటి నొప్పితో సరిగా కూర్చోలేక ఒక పక్కకి ఒరిగి తెడ్లు వేస్తున్నాడు. పడవ సగం గిరగిరా తిరుగుతోంది, సగం కిందికి కొట్టుకుపోతోంది. ఎలాగోలా అవతలికి చేరింది.

"ఎక్కండి" అన్నాడు సైలస్ రొప్పుతూ. నీటి మీద మాట స్పష్టంగా వినబడింది.

"అవసరం లేదు. నా కారు ఇక్కడే ఉంది."

"మరి దేనికి పిలిచారు? పాట పాడుకుంటున్నారా? పిలిచినవాడు దాటాల్సిందే. ఎక్కుతారా, నన్ను దిగి రమ్మంటారా?"

సాక్షుల్లో ఒకడు పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. క్రంప్ మంచి బూట్లతో, అడుగున నీళ్ళు చేరిన పడవ ఎక్కాడు. పబ్బులోని జనమంతా గ్లాసులతో సహా ఒడ్డుకొచ్చి నిలబడ్డారు. అతను ఇవతల దిగాడు. వంతెన మీదుగా తన కారు దగ్గరికి చేరాలంటే చాలా దూరం నడవాలి. నడిచే వెళ్ళాడు.

సైలస్ మాత్రం పడవలోంచి లేవలేకపోయాడు. ఎనిడ్ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి చేయి అందించింది. అతను కాసేపు ఆ చేతికి చుట్టిన పీలికల వైపు చూశాడు. తర్వాత చేతిని వదిలేసి ముంజేయి పట్టుకున్నాడు, నొప్పి పుట్టకుండా.

"నేను ఈ ఇల్లు పోగొట్టుకుంటే నీకు సంతోషం అనుకున్నాను సైలస్" అంది ఎనిడ్. "నిజంగానే అలా అనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను. ఇన్నేళ్ళూ." సైలస్ రొప్పు ఇంకా తగ్గలేదు. "ఇంట్లోంచి ఎవరో ఒకరు వెళ్ళాలిగా మరి. నీ చేతులు చూస్తే అలా ఉన్నాయి. మన ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఎనిడ్ నీళ్ళలో నిలబడే, అందరి ఎదుటా, చేతులు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది.