కాగితం మూలన నలభై ఏడు

పేరు రాయక్కర్లేదన్నారు. మరి కాగితం మూలన ఆ 47 ఎందుకున్నట్టు? రఖియా దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. పక్కన జొహోర్‌ది 48.

"ఆ కాసాబ్లాంకా ఆయన మనల్ని వరసగా కూర్చోబెట్టి పంచాడు చూశావా? నువ్వేదన్నా కక్కావో, సాయంత్రానికల్లా సూపర్‌వైజరు చెవిలో ఉంటుంది," అంది జొహోర్.

మొరాకోలోని కెనిత్రాలో కార్లకు వైర్ల కట్టలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీకి ప్రతి మంగళవారం లల్లా బతూల్ వస్తుంది. మనసు బాగాలేనివాళ్ళు ఆమె గదిలో కూర్చుని చెప్పుకోవచ్చు. ఆవిడ వల్ల ఒరిగిందేమిటో తేల్చమని కంపెనీ కాసాబ్లాంకా నుంచి ఇద్రీస్ అనే ఆయన్ని పిలిపించింది. రెండే ప్రశ్నలు: ఆమె దగ్గరికి వెళ్ళకముందు ఎలా ఉన్నారు, ఇప్పుడెలా ఉన్నారు. ఒకటి నుంచి పది దాకా మార్కు వెయ్యాలి; పది వేస్తే నిక్షేపంగా ఉన్నట్టు. ఆ అంకె కాగితాలు తారుమారు కాకుండా వేసిందేనని ఆయన ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు.

నిజం రఖియా గొంతు దాకా వచ్చింది. చలికాలంలో కంపెనీ బస్సు బోల్తా పడి, పక్క సీట్లోని హలీమా పోయాక, బస్సు కనిపిస్తే చాలు ఆమెకు కాళ్ళు చచ్చుబడేవి. రెండు నెలలు నడిచే వచ్చింది. బతూల్ దగ్గర ఏడు మంగళవారాలు కూర్చున్నాక మళ్ళీ ఎక్కగలిగింది, అదీ కళ్ళు మూసుకుని. కానీ పిచ్చిదన్న పేరొస్తే పనిలో ఉంచుతారా? పైగా ఎలా ఉన్నావని పరాయివాడు అడిగితే అల్హమ్దులిల్లా, దేవుడి దయవల్ల బాగున్నానంటారు గానీ దేవుడి మీద ఫిర్యాదు చేస్తారా ఎవరైనా? ముందు పది. ఇప్పుడూ పది. అందరూ అలాగే వేశారు.

వారం తిరక్కుండా బతూల్ తన టీ గ్లాసులు పాతపేపర్లో చుట్టుకుంటూ కనిపించింది. ముందూ బాగున్నవాళ్ళే, తర్వాతా బాగున్నవాళ్ళే, ఇక ఈవిడతో పనేమిటని తేలిందట. రిపోర్టు పైకి వెళ్ళడమే తరువాయి.

ఆ సాయంత్రం బస్సు మెట్టు మీద రఖియా కాళ్ళు మళ్ళీ బరువెక్కాయి. వెనక్కి తిరిగి ఇద్రీస్ గదికి నడిచింది.

"నలభై ఏడు నేనేనయ్యా. అబద్ధం రాశాను. ముందు పది కాదు, ఒకటి."

ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "బతూల్ పంపిందా నిన్ను?"

అనుమానం తమలాంటి పనివాళ్ళ సొత్తే అనుకుంది రఖియా ఇన్నాళ్ళూ.

"ఎవరూ పంపలేదు. రేపు పొద్దున ఆరింటికి మా బస్సెక్కండి. ఆ బస్సు బోల్తా పడ్డప్పట్నుంచీ నా పక్కన ఎవరూ కూర్చోరు. అక్కడ కూర్చుని మార్కు మీరే వేసుకోండి."

ఆయన పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. రఖియా మెడ సాచి మరీ చూసింది. 'రేపు ఆరు, బస్సు, 47.'

పేరు రాయలేదు.