గుండె పట్టుకోని గుండెపోటు

నాకున్న పెద్ద భయం ఒక్కటే: మా అత్తమ్మ నా కళ్ళ ముందే చచ్చిపోతుందని. ప్రేమ అనుకునేరు. ప్రేమ కూడా ఉందిలెండి. కానీ ముందు సంగతి ఏమిటంటే, ఆమె పోతే మా పాప గీతికకు అన్నం తినిపించే దిక్కు లేదు. మూడేళ్ళ ఆ పిల్ల నేను పెడితే నా మొహం మీదే ఉమ్మేస్తుంది.

మా అత్తమ్మ అరుణజ్యోతి ఈ సంగతి జరిగేనాటికే పద్దెనిమిది సార్లు చచ్చిపోయింది, సినిమాల్లో. కొడుకు చెప్పకుండా పెళ్ళి చేసుకొచ్చినా, ఫోన్‌లో చెడ్డ వార్త విన్నా చావు మాత్రం ఒకటే. కుడి చెయ్యి గుండె మీద వేసి, నోరు తెరిచి, సోఫాలోకి ఒరిగిపోవడం. పైట జారకుండా పడగలిగేది, సినిమావాళ్ళుండే మా కృష్ణానగర్ మొత్తంలో తానొక్కతేనని ఆమె గొప్ప.

ఆరేళ్ళుగా ఆమెకు కీళ్ళవాతం. పొద్దున వేళ్ళు వాచిపోయి, తొమ్మిది దాటితే గానీ చాయ్ గ్లాసు పట్టుకోలేదు. మొన్న వేసవిలో కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ అసలు విషయం చెప్పింది. ఈ జబ్బు కీళ్ళతో ఆగదట. లోపలి వాపు రక్తనాళాలనూ వదలదట, అందుకని గుండెకు మామూలు వాళ్ళకంటే ముప్పు ఎక్కువట. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి, రోజూ కాసేపు నడవాలి, నొప్పి గోలీలు సొంతంగా కొని మింగకూడదు, వాటిలో కొన్ని గుండెకే చేటు. పైగా గుండెపోటు నొప్పి ప్రతిసారీ ఛాతీలోనే రాదట.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని. వింటే మర్చిపోతాను. అందుకే ఆవిడ చెప్పిన గుర్తులు గీతిక రంగుల పుస్తకంలో ఏనుగు బొమ్మ కింద రాసుకున్నాను: దవడ, భుజం, చెమట, ఆయాసం.

తిరిగొచ్చే ఆటోలో అత్తమ్మ మొదలుపెట్టింది.

"మోకాళ్ళ డాక్టర్‌కు గుండెతోని ఏం పనే? లైట్లు మోసేటోడొచ్చి డైలాగ్ చెప్పినట్టున్నది."

"అత్తమ్మా, యూసుఫ్‌గూడలనే బీపీ చూస్తరు. జర ఆగి పోదాం."

"గుండెపోటు ఎట్ల వస్తదో నాకు చెప్తున్నవా? పద్దెనిమిది సార్లు వచ్చింది నాకు!"

ఆటో అతను బ్రేకు వేసి మరీ వెనక్కి తిరిగి చూశాడు.

ఆమె బీపీ చూపించుకోలేదు. గాజుల డబ్బాలో దాచిన నొప్పి గోలీలు నేను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాస్తే, మెడికల్ షాపుకెళ్ళి ఇంకో అట్ట తెచ్చుకుంది.

నెల తిరక్కుండానే జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్ పడింది. పంతొమ్మిదో చావు. ఆ వేళ్ళతో జాకెట్టు హుక్కులు పెట్టుకోలేదు కాబట్టి నేనూ వెళ్ళాను, చంకలో గీతిక, సంచిలో రంగుల పుస్తకం.

డైరెక్టర్ రవిచంద్ర గారు "యాక్షన్" అన్నారు. అత్తమ్మ గుండె పట్టుకోలేదు. దవడ పట్టుకుంది.

"కట్! ఏంటమ్మా ఇది? పంటినొప్పి సీను కాదండీ, గుండెపోటు. గుండె పట్టుకోండి."

రెండోసారి భుజం రుద్దుకుంటూ, డైలాగ్ కూడా చెప్పకుండా సోఫాలో కూలబడింది.

"అమ్మా, ఇది గుండెపోటులా లేదండీ. ఫీల్ రావట్లేదు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా అత్తమ్మ చావుకు రెండో టేకు అడిగినవాడు ఇంతవరకు లేడు. పైగా ఏసీ హాల్లో ఆమె మేకప్ కారిపోతోంది.

దగ్గరికి వెళ్ళాను. "ఏమైంది అత్తమ్మా?"

"ఏం లేదే. భుజం గుంజుతుంది. వాతమే. గోలి..." ఆగి ఊపిరి తీసుకుంది. "ఇయ్యి."

సంచిలోంచి పుస్తకం తీసి ఏనుగును చూశాను. నాలుగుకు నాలుగూ సరిపోయాయి.

అప్పటికే రవిచంద్ర గారు మళ్ళీ "యాక్షన్" అనేశారు. నేను కెమెరాకు అడ్డంగా నిలబడి అరిచాను.

"కట్!"

ఆ మాట అక్కడ ఒక్క నోటి నుంచే రావాలి. రవిచంద్ర గారు నా వైపు తిరిగారు.

"ఎవరండీ ఈవిడ?"

"కోడల్ని సార్. ఆమెకు గుండెపోటు వచ్చింది."

"రావాలి కదండీ, సీనే అది!"

"సీన్ల కాదు సార్. ఒంట్ల."

అత్తమ్మ నా చెయ్యి గిల్లింది. "ఇజ్జత్ తియ్యకే మనోజా. షాట్ అయినంక పోదాం."

"సచ్చేదుంటే ఇంకో సినిమల సావు అత్తమ్మా. పిల్లకు బువ్వ ఎవలు పెడ్తరు?"

అత్తమ్మతో అంత మాట అనడం అదే మొదలు. ఆమెకు కోపం వచ్చిందో ఓపిక పోయిందో గానీ, కళ్ళు మూసుకుంది. లైట్లు మోసే వాళ్ళే ఇద్దరు ఆమెను కుర్చీతో సహా ఎత్తి కారు దాకా మోశారు.

ఆస్పత్రిలో చెప్పారు, గుండె రక్తనాళం ఒకటి పూడుకుపోయిందని. స్టెంట్ వేశారు. ఇంకో రెండు టేకులు చేసి ఉంటే ఏమయ్యేదో నేను అడగలేదు.

ఇప్పుడు బాగుంది, అంటే తిడుతోంది. గుండె మందులు, కీళ్ళ మందులు తప్పకుండా వేసుకుంటుంది. సాయంత్రం గీతిక వేలు పట్టుకుని గల్లీ చివరిదాకా నడుస్తుంది. ఆమె బాధంతా ఆ సీను, తనలాగే తల్లి వేషాలు వేసే మంజులతమ్మకు పోయిందనే.

"రెండు చేతులతోని పట్టుకున్నదంట! దానికెన్ని గుండెలున్నయే?"

ఆ మంజులతమ్మ నిన్న పలకరించడానికి వచ్చింది. వేళ్ళు అచ్చం అత్తమ్మ వేళ్ళలాగే వాచి, వంకర పోయి ఉన్నాయి. మా పది మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగింది. బీపీ ఎప్పుడు చూపించుకున్నావమ్మా అంటే, "నాకు వట్టి వాతమే" అంది. నా మాట వినే రకం కాదు.

మధురానగర్‌లో ఒంటరిగా ఉంటుంది. మీరు అటువైపు వెళ్తే ఆమె తలుపు కొట్టండి. గుండెపోటంటే ఇట్లుంటది, నాకేం లేదంటూ ఛాతీ పట్టుకుని నటించి చూపిస్తుంది, నమ్మకండి. చెమట పట్టిందేమో చూడండి.