చీమ సీసా

వెచ్చటి అల్మారా తలుపు తీసి, కణాలు పెరిగే సీసాలను ఆవిడ ఒక్కొక్కటిగా వెలుతురుకు ఎత్తి చూసింది. లోపలి ఎర్రటి ద్రవం వాటి ఆహారం. అందులో చక్కెర తినేసినకొద్దీ అది పసుపు తిరుగుతుంది. పసుపు కనబడితే ఆకలన్నమాట. పాతది పీల్చేసి, వెచ్చబెట్టిన కొత్త ఆహారం పోయాలి. ఆ క్యాన్సర్ పరిశోధనశాలలో ఆవిడ ఉద్యోగమంతా ఇదే. సబ్బుకీ స్పిరిట్‌కీ చేతులు పగిలి గరుకెక్కాయి గానీ, సీసా పట్టుకుంటే చుక్క తొణకదు.

అన్నిట్లోకీ తిండిపోతు సీసా మీద ఆవిడే రాసిన పేరు, చీమ. అది తమ్ముడి ముద్దుపేరు. చిన్నప్పటినుంచీ చక్కెర డబ్బా ఎక్కడ దాచినా పట్టేసేవాడు. కడుపులో గడ్డ తీసేముందు, అందులో ముక్క పరిశోధనకు ఇస్తానని సంతకం పెడుతూ నవ్వాడు.

"నా గడ్డకీ నా బుద్ధే వచ్చిందటక్కా. చక్కెర లేందే బతకలేదట. దాన్ని కూడా నువ్వే మేపు."

వాడు పోయాడు. వాడి కణాలు మాత్రం ఆవిడ చేతి తిండి తింటూ పెరుగుతూనే వచ్చాయి. తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నవాటినే మేపుతున్నానని మొదట్లో ఒళ్లు మండేది. పోనుపోను, వాడిలో బతికి మిగిలింది ఇదొక్కటేగా అని సరిపెట్టుకుంది. సెలవు పెట్టాలన్నా మనసొప్పేది కాదు.

నిన్న ఆ సీసాలో కొత్త మందు వేయాల్సి వచ్చింది. చక్కెర ఎదురుగా ఉన్నా కణానికి మింగుడుపడనివ్వని మందు.

"ఇంకెవరిచేతైనా వేయిస్తానక్కా" అంది ఆ పరిశోధన నడిపే డాక్టరమ్మ.

"వద్దమ్మా. వాడికి మందైనా నా చేత్తోనే."

ఇవాళ చూస్తే, ఈపాటికి పసుపు తిరగాల్సిన సీసా ఎర్రగానే ఉంది. డాక్టరమ్మ సూక్ష్మదర్శినిలోంచి చూసి, లేచి కుర్చీ ఆవిడకిచ్చింది. అడుగున అంటుకుని ఉండాల్సిన కణాలు ఊడిపోయి తేలుతున్నాయి. పక్క సీసాలో, అదే మందు పడ్డ మామూలు కణాలు నిమ్మకు నీరెత్తినట్టున్నాయి.

"పోయాయా?"

"పోయాయక్కా. మనుషులదాకా రావడానికి ఇంకా చాలా ఉంది. కానీ దారి కనబడింది."

ఆవిడ చాలాసేపు కన్ను తీయలేదు. దుఃఖం వచ్చింది గానీ, దానికన్నా ముందు తమ్ముడి మీద కృతజ్ఞత వచ్చింది. పోయాక కూడా అక్క చేతికి పని, ఇంకెవరి తమ్ముడికో ఆశ ఇచ్చి వెళ్లాడు.

"మంచిపని చేశావురా" అంది సీసాతో.

మిగతా సీసాల ఆకలి తీర్చడానికి లేచి వెళ్లింది. పొద్దున్నే అలవాటుకొద్దీ చీమకోసం కూడా వెచ్చబెట్టిన ఆహారం, మూత తీయకుండా బల్ల మీదే ఉండిపోయింది.